ఫ్రాంకోనియాలో నీళ్ల వెంట, ఊళ్ల వెంట

జర్మనీ పటంలో ఫ్రాంకోనియా పేరుతో రాష్ట్రం కనిపించదు. బవేరియా రాష్ట్రానికి ఉత్తరాన, వాయవ్యాన ఉన్న భాగమే అది. పరిపాలన కోసం దాన్ని ఎగువ, మధ్య, దిగువ ఫ్రాంకోనియాలుగా విడదీశారు. వాటి కేంద్రాలు వరుసగా బైరాయిత్, ఆన్స్‌బాఖ్, వ్యుర్ట్స్‌బుర్గ్. మూడింటిలో కలిపి 41 లక్షల పైచిలుకు జనం ఉంటారు. అయితే ఫ్రాంకోనియా యాస, తిండి, పండుగలు ఆ గీతల దగ్గర ఆగిపోవు. పడమట టౌబర్ నది లోయ, హోహెన్‌లోహె ప్రాంతం బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో ఉన్నాయి. ఉత్తరాన మైనింగెన్, సోన్నెబెర్గ్ ఊళ్లు థురింగియాలో ఉన్నాయి. అదే సమయంలో, దిగువ ఫ్రాంకోనియాలోనే ఉన్న అషాఫెన్‌బుర్గ్‌లో మాట తీరు పొరుగున ఉన్న హెస్సె వాళ్లకే దగ్గర. అక్కడి వాళ్లు పనుల మీద ఎక్కువగా ఫ్రాంక్‌ఫర్ట్ వైపే వెళ్తుంటారు.

ఇదంతా ముందే చెప్పడానికి కారణం ఉంది. జర్మనీ వచ్చిన మనవాళ్లు చాలామంది మ్యూనిక్ చూసి, అక్కణ్నుంచి ఆల్ప్స్ కింద ఉన్న కోట చూసి, బవేరియా అయిపోయిందనుకుంటారు. ఫ్రాంకోనియా బవేరియాలో కలిసింది నెపోలియన్ కాలంలో, 1803కీ 1814కీ మధ్య. అంతకు ముందు బాంబెర్గ్‌లో ఒక బిషప్పు, వ్యుర్ట్స్‌బుర్గ్‌లో ఇంకో బిషప్పు రాజ్యమేలారు. ఆన్స్‌బాఖ్, బైరాయిత్‌లలో ప్రభువులు వేరు. న్యూరెంబర్గ్, రోటెన్‌బుర్గ్ చక్రవర్తికి తప్ప ఎవరికీ లొంగని నగరాలు. అందుకే ఇక్కడ ఒక్క రాజధాని చూస్తే సరిపోదు. ప్రతి యాభై, అరవై కిలోమీటర్లకు ఒక పాత రాజధాని, దానికొక కోట, పెద్ద చర్చి, ఒక థియేటర్ ఉంటాయి. మ్యూనిక్‌కి ఇచ్చేంత టైమ్ ఈ ప్రాంతానికీ ఇవ్వాలని గట్టిగా చెప్తాను.

మేం వెళ్లింది మే చివర్లో. తమ్ముడు ఎర్లాంగెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నాతో అమ్మ, నాన్న వచ్చారు. నాన్న నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. అమ్మకు మోకాళ్ల నొప్పి, పైగా ఇద్దరూ శాకాహారులు. కాబట్టి నేను ఊళ్లని, బసలని తూచిన తక్కెడలో మెట్లు, తిండి, బస్సు సౌకర్యం పెద్ద బరువులే. కుర్రవాళ్లు వెళ్తే లెక్క కొంచెం మారుతుంది.

నాన్న పట్టుబట్టి ముందు తీసుకెళ్లమన్నది సరస్సుల ప్రాంతానికి. న్యూరెంబర్గ్‌కు దక్షిణాన గుంట్సెన్‌హౌజెన్, ప్లైన్‌ఫెల్డ్ ఊళ్ల చుట్టూ ఉన్న ఈ సరస్సులు పటంలో ఎప్పటినుంచో ఉన్నట్టే కనిపిస్తాయి గానీ, అన్నీ మనుషులు కట్టినవే. బవేరియాలో దక్షిణాన ఆల్ప్స్ వల్ల నీళ్లు ఎక్కువ, ఉత్తరాన ఫ్రాంకోనియాలో వానలు తక్కువ. మధ్యలో యూరప్ ఖండాన్నే చీల్చే నీటి విభజన రేఖ ఉంది. దానికి ఇటు పడ్డ చినుకు మైన్ నదిలోంచి రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి పోతుంది. అటు పడ్డది డాన్యూబ్ పట్టుకుని నల్ల సముద్రానికి పోతుంది. 1970లో బవేరియా శాసనసభ ఒక నిర్ణయం తీసుకుంది: డాన్యూబ్ వైపు నీటిని ఆ గట్టు దాటించి మైన్ వైపుకి తేవాలి. ఆల్ట్‌మ్యూల్ నది వరద నీటిని ఒక సరస్సులో పట్టి, కాలువ, సొరంగం ద్వారా బ్రోమ్‌బాఖ్ సరస్సుకి పంపిస్తారు. దానికన్నా ఎక్కువ నీరు డాన్యూబ్ దగ్గర నుంచి ఓడల కాలువలోనే పంపులతో మెట్టు మెట్టుగా ఎక్కి వస్తుంది. రెండూ కలిపి ఏడాదికి సగటున 15 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో సుమారు 5.3 టీఎంసీలు.

"గోదావరి నీళ్లు పట్టిసీమ దగ్గర ఎత్తి కృష్ణలో పోసినట్టే కదమ్మా" అన్నారు నాన్న. తర్వాత మాకు ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. ఆయనే మాకు చెప్తూ పోయారు.

ప్లైన్‌ఫెల్డ్ వైపు ఆనకట్ట దగ్గర మాండ్లెస్‌మ్యూలె అనే పాత మిల్లు ఉంది. వాగు మీద ఉన్న మిల్లులు కొన్ని సరస్సు కింద మునిగిపోయాయి. ఇది మాత్రం మిగిలింది. సరస్సు గట్టు మీద నడక దారి చదునుగా ఉంది, అమ్మ హాయిగా నడిచింది. గుంట్సెన్‌హౌజెన్ దగ్గర ఆల్ట్‌మ్యూల్ సరస్సులో పక్షుల కోసం వదిలేసిన దీవి ఉంది, చెక్క వంతెనల మీద తిరగొచ్చు. మేం సరస్సు దగ్గరి పల్లెలో ఒక కుటుంబం నడిపే చిన్న పెన్షన్‌లో దిగాం. జర్మనీలో పెన్షన్ అంటే ఉదయం టిఫిన్‌తో కలిపి ఇచ్చే ఇంటి బస. ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన బస అదే. గది కింద అంతస్తులో ఉంది. ఇంటావిడ అమ్మ నడక చూసి, అడక్కుండానే స్నానాల గదిలోకి ఒక స్టూలు తెచ్చి పెట్టింది. ఒక్కటే లోటు: సాయంత్రం భోజనం దొరకదు, పక్క ఊరికి వెళ్లాలి. గుంట్సెన్‌హౌజెన్ నుంచి ప్లైన్‌ఫెల్డ్‌కి చిన్న రైలు నడుస్తుంది. అది దొరక్కపోతే కారు తప్పదు.

ఓడల కాలువ గురించి ఇంకొంచెం చెప్పాలి. రైన్-మైన్-డాన్యూబ్ కాలువ బాంబెర్గ్ నుంచి కెల్‌హైమ్ దాకా 171 కిలోమీటర్లు. 1992లో పూర్తయింది. హిల్పోల్ట్‌స్టైన్ దగ్గర అది సముద్ర మట్టానికి 406 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. యూరప్‌లో సరుకు ఓడలు తిరిగే జలమార్గాలన్నిటిలో ఎత్తయిన చోటు అదే. అక్కడి లాకు ఓడను ఒకేసారి దాదాపు 25 మీటర్లు పైకి ఎత్తుతుంది. ఒక ఓడ లోపలికి వచ్చి, తలుపు మూసుకుని, పైకి తేలి వెళ్లేంతవరకూ నాన్న గట్టు మీదే నిలబడ్డారు. దగ్గర్లో నీటి విభజన రేఖ మీద కాంక్రీటు గోడలాంటి స్మారకం ఉంది. చూడటానికి టికెట్టు లేదు, టీ కొట్టు కూడా లేదు. మంచినీళ్లు మీరే తెచ్చుకోవాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. షార్లమేన్ చక్రవర్తి 793లోనే ఈ రెండు నదీ వ్యవస్థలని కలపడానికి కాలువ తవ్వించాడు. ఆ తవ్వకం ఆనవాళ్లు ట్రాయిఖ్ట్‌లింగెన్ పక్కన గ్రాబెన్ అనే పల్లెలో ఇప్పటికీ ఉన్నాయి. చెట్ల మధ్య పొడుగాటి చెరువులా, పక్కన మట్టి గట్లు. పన్నెండు వందల ఏళ్లు దాటిన మట్టి కట్ట మీద నడవడం నాన్నకి పెద్ద చర్చిలన్నిటికన్నా ఎక్కువ నచ్చింది. చరిత్ర అంటే ఇష్టమున్నవాళ్లు ఒక గంట కేటాయించండి.

అక్కణ్నుంచి బాంబెర్గ్. ఫ్రాంకోనియాలో ఒకే ఊళ్లో రాత్రులు గడపాల్సి వస్తే నేను ఈ ఊరే చెప్తాను. జనాభా ఎనభై వేల లోపు. ఏడు కొండల మీద కట్టిన ఊరు, 1993 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. నది మధ్యలో వంతెనకి అతుక్కుని కట్టిన పాత టౌన్‌హాల్ ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. దాని కింద పారే రెగ్నిట్స్ నదిలోనే సరస్సుల నుంచి వదిలిన డాన్యూబ్ నీళ్లు కూడా కలిసి వస్తాయని నాన్న చెప్పాక ఆ ప్రవాహాన్ని వేరేగా చూశాం. కొండ మీద కేథడ్రల్‌లో చక్రవర్తి రెండో హైన్రిష్, ఆయన భార్య కునిగుండె సమాధి ఉంది. శిల్పి టిల్మాన్ రీమెన్‌ష్నైడర్ చెక్కింది. అక్కడే రెండో క్లెమెంట్ పోప్ సమాధి. ఆల్ప్స్ పర్వతాలకి ఉత్తరాన ఉన్న పోప్ సమాధి ఇదొక్కటే. గుండ్రాళ్లు పరిచిన రోడ్లు మోకాళ్లకి మంచివి కావు, కొండ మీదికి సిటీ బస్సు ఎక్కండి.

టూరిస్టులు తక్కువగా వెళ్లే భాగం ఇంకొకటి ఉంది, అది తోటమాలుల పేట. రైల్వే స్టేషన్ వైపు మామూలు వీధుల్లా ఉంటుంది. ఇళ్ల వెనక్కి తొంగిచూస్తే పొడవాటి కూరగాయల మళ్లు. వందల ఏళ్లుగా ఊరి నడిబొడ్డునే ఉల్లి, అతిమధురం, కొమ్ముల్లాంటి సన్న బంగాళాదుంపలు పండించారు. యునెస్కో గుర్తింపు ఈ పేటకి కూడా ఉంది. అక్కడి చిన్న మ్యూజియం అమ్మకి కేథడ్రల్ కన్నా దగ్గరగా తోచింది. తోటపని చేసిన ఆవిడ కాబట్టి ప్రతి పనిముట్టూ గుర్తుపట్టింది.

బాంబెర్గ్‌లో మా బస అపార్ట్‌మెంట్. వంటగది ఉండటం వల్ల అన్నం, పప్పు వండుకోగలిగాం, ధర కూడా నలుగురికి హోటల్ గదులకన్నా తక్కువే పడింది. అయితే లిఫ్ట్ ఉందని రాసిన ఆ ఇంట్లో, లిఫ్ట్ దాకా చేరాలంటేనే పది మెట్లెక్కాలి. పాత ఇళ్లలో ఇది మామూలే అట. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు "వీధి నుంచి లిఫ్ట్ దాకా మెట్లు ఎన్ని" అని ముందే రాసి అడగండి. తాళం చెవి డబ్బాలో పెట్టి కోడ్ పంపిస్తారు, మనిషి కనిపించడు. నెట్ పనిచేసే సిమ్ లేకుండా అలాంటి బస తీసుకుంటే చాలా టెన్షన్.

పొగలో ఎండబెట్టిన ధాన్యంతో చేసే బీరు బాంబెర్గ్ ప్రత్యేకత. మా ఇంట్లో తాగేవాళ్లు లేరు గానీ, ఎగువ ఫ్రాంకోనియా గురించి చెప్తూ దాన్ని వదిలేయడం కుదరదు. ఔఫ్‌సెస్ అనే చిన్న పంచాయతీలో నాలుగు బీరు తయారీ శాలలున్నాయి. జనాభా లెక్కన ప్రపంచంలోనే ఎక్కువని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. మాకు పనికొచ్చింది ఆ బీరు తోటల్లో ఉన్న పాత ఆనవాయితీ. చాలాచోట్ల తాగేది వాళ్ల దగ్గర కొంటే చాలు, తినేది ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. ఫోర్ఖ్‌హైమ్ కొండ అడవిలో చెట్ల కింద పొడవాటి బల్లల మీద కూర్చుని, మరదలు చేసిన పులిహోర డబ్బా తెరిచాం. యాపిల్ రసం తెప్పించుకున్నాం. పక్క బల్ల మీది పెద్దాయన వాసన చూసి ఏమిటని అడిగాడు. ఒక చెంచా పెడితే మళ్లీ పెట్టమన్నాడు. ముందు అక్కడ రాసిన బోర్డు చూసుకోండి. కొన్ని చోట్ల ఒప్పుకోరు.

తిండి సంగతి ఇక్కడే ముగిస్తాను. బంగాళాదుంప ఉండలు ఎక్కడైనా దొరుకుతాయి, కానీ వాటి మీద పోసే పులుసు మాంసానిది. పుట్టగొడుగుల పులుసు అడగాలి. ఉల్లిపాయ కేకులోనూ, ఉడికించిన క్యాబేజీలోనూ పంది మాంసం ముక్కలు తరచుగా ఉంటాయి. జూన్ 24 వరకు తెల్ల ఆస్పరాగస్ కాలం. వెన్న, బంగాళాదుంపలతో అది మాకు మంచి భోజనమైంది. చేపలు తినేవాళ్లయితే ఐష్ నది పక్కన చెరువుల్లో పెంచే కార్ప్ చేపకి సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ మధ్య రావాలి.

వ్యుర్ట్స్‌బుర్గ్‌లో ఒక్క రాత్రి చాలని నా లెక్క, కానీ ఆ ఒక్క పగలు రెసిడెన్స్ అనే బిషప్పుల రాజభవనానికే ఇవ్వాలి. బాల్తాజార్ నోయ్‌మాన్ కట్టిన మెట్ల హాలు మీద స్తంభాల ఆధారం లేని కప్పు, దాని మీద ఇటలీ చిత్రకారుడు టియెపోలో 1752, 53లలో వేసిన బొమ్మ. ఆరు వందల చదరపు మీటర్లకు పైగా ఉంటుంది. నాలుగు ఖండాలని నాలుగు గోడల వైపు వేశాడు. ఆసియా వైపు ఏనుగు మీద కూర్చున్న స్త్రీ. 1945 మార్చి 16 రాత్రి ఇరవై నిమిషాల బాంబుదాడిలో ఊళ్లో పది ఇళ్లలో తొమ్మిది పోయాయి, ఈ కప్పు మాత్రం నిలిచింది. కింద నిలబడి తలెత్తితే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు. మెట్లెక్కలేని వాళ్లకి లిఫ్ట్ సంగతి టికెట్టు కౌంటర్లో అడిగితే చెప్తారు.

ఊరి చుట్టూ ద్రాక్ష తోటలే. 1576లో బిషప్పు యూలియుస్ ఎఖ్టర్ పేదల కోసం ఒక ఆసుపత్రి మొదలుపెట్టి, దాని ఖర్చులకి ద్రాక్ష తోటలు రాసిచ్చాడు. ఆ సంస్థ నాలుగున్నర శతాబ్దాల తర్వాత కూడా ద్రాక్షసారాయి అమ్ముతోంది, వైద్యమూ చేస్తోంది. మన గుడి మాన్యాలకి ఏమైందో తెలిసినదాన్ని కాబట్టి, ఆ ముంగిట్లో చాలాసేపు ఆగాను. ఎక్స్-రేలని రోంట్‌గెన్ 1895లో కనుక్కున్నది కూడా ఈ ఊళ్లోనే.

రోటెన్‌బుర్గ్ గురించి అందరూ రాస్తారు, నేను తక్కువే రాస్తాను. పదకొండు వేల జనం ఉన్న ఊరికి పగలు బస్సులు బస్సులుగా దిగుతారు. మధ్యాహ్నం వెళ్తే దుకాణాలు, సెల్ఫీ కర్రలే కనిపిస్తాయి. సాయంత్రం ఆరు దాటాక గోడ మీద నడవండి. అందుకని రాత్రి ఉండాల్సిందే, అదీ గోడ లోపల. 1945 మార్చి 31న బాంబులకి ఊరి తూర్పు వైపు చాలా భాగం కాలిపోయింది. తిరిగి కట్టడానికి సాయం చేసిన వాళ్ల పేర్లు గోడ పొడవునా రాళ్ల మీద చెక్కారు. అక్కణ్నుంచి టౌబర్ లోయలోకి దిగితే క్రెగ్లింగెన్, వైకెర్‌షైమ్, బాడ్ మెర్గెంట్‌హైమ్. రాష్ట్రం మారినట్టు బోర్డు చూస్తేనే తెలుస్తుంది. సైకిల్ తొక్కగలిగితే వెర్ట్‌హైమ్ దాకా వంద కిలోమీటర్ల దారి చాలా బాగుంటుందట. తమ్ముడు తొక్కాడు, నేను కాదు.

న్యూరెంబర్గ్ జనాభా అయిదు లక్షలు దాటిన నగరం, బవేరియాలో రెండోది. పక్కనే ఫ్యుర్త్, ఎర్లాంగెన్ కలుపుకుంటే ఫ్రాంకోనియా జనంలో పెద్ద గుంపు ఇక్కడే ఉంది. నగరవాసుల్లో దాదాపు సగం మంది తామో, తమ తల్లిదండ్రులో బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు. 1835 డిసెంబర్ 7న జర్మనీ తొలి ఆవిరి రైలు న్యూరెంబర్గ్ నుంచి ఫ్యుర్త్ వరకు ఆరు కిలోమీటర్లు నడిచింది. రైల్వే మ్యూజియంలో ఆ కథ బాగా చూపించారు, పిల్లలుంటే తప్పకుండా వెళ్లండి. ఇప్పుడు ఇక్కడి మెట్రోలో రెండు లైన్లు డ్రైవర్ లేకుండా నడుస్తాయి. వాటిలో ఒకటి విమానాశ్రయం నుంచి పదిహేను నిమిషాల లోపే పెద్ద స్టేషన్‌కి చేరుస్తుంది. నాజీ నేతల మీద విచారణ జరిగిన 600 నంబరు కోర్టు హాలు చూశాం. పెద్దవాళ్లకి అక్కడ కూర్చోవడానికి చోటుంది. ఆడియో గైడు తీసుకుని తీరిగ్గా వినండి. నాజీల ర్యాలీ మైదానం మాత్రం చాలా నడక. బస కోసం న్యూరెంబర్గ్‌కి బదులు ఎర్లాంగెన్ చెప్తాను. రైల్లో ఇరవై నిమిషాల దూరం, ప్రశాంతం. 1686లో ఫ్రాన్స్ నుంచి మతం కారణంగా పారిపోయి వచ్చిన హ్యూగెనాట్లు అనే ప్రొటెస్టెంట్ల కోసం గళ్లు గళ్లుగా కొత్త ఊరు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సీమెన్స్ బెర్లిన్ నుంచి ఇక్కడికి వచ్చాక ఇంజినీర్ల ఊరైంది. ఇప్పుడు దాని మెడికల్ కంపెనీల్లోనూ, యూనివర్సిటీలోనూ మనవాళ్లు ఉన్నారు. బస్టాపులో తెలుగు వినపడితే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

ప్రయాణం సంగతి. ప్రాంతీయ రైళ్లలో రోజంతా తిరగడానికి బవేరియా టికెట్టు అయిదుగురి వరకు పనికొస్తుంది, పని రోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే. న్యూరెంబర్గ్ చుట్టుపక్కల రవాణా సంస్థ వాళ్ల రోజు టికెట్టు ఇద్దరు పెద్దలకీ పిల్లలకీ కలిపి వస్తుంది. శనివారం కొంటే ఆదివారం కూడా చెల్లుతుంది. నెల రోజులు ఉండేవాళ్లకి దేశమంతా తిరిగే నెలవారీ టికెట్టు మంచిది, 2026 జనవరి నుంచి 63 యూరోలు. అది చందా లాంటిది, గడువులోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా తీసుకుంటారు. ఒక ఆదివారం మా రైలు బదులు బస్సు వేశారు. ఆ బస్సు స్టేషన్ ముందు ఎక్కడ ఆగుతుందో చెప్పే బోర్డు లేదు, అమ్మ ఎండలో నిలబడాల్సి వచ్చింది. చివరికి ఒక స్కూలు పిల్ల దారి చూపించింది. వారాంతాల్లో బయల్దేరే ముందు యాప్‌లో ఆ రోజు మార్పులు చూసుకోవాలి.

సెలవుల లెక్క కూడా జనాభాని బట్టే ఉంటుంది. బిషప్పుల రాజ్యాలు కాథలిక్కులుగా, ప్రభువులూ నగరాలూ ప్రొటెస్టెంట్లుగా ఉండిపోయారు. ఆ మరక నేటికీ పోలేదు. ఆగస్టు 15న కాథలిక్కులు ఎక్కువున్న ఊళ్లలోనే సెలవు: బాంబెర్గ్‌లో దుకాణాలు మూత, న్యూరెంబర్గ్‌లో మామూలు రోజు. ఆదివారాలు అన్నిచోట్లా మూతే. అవసరమైతే న్యూరెంబర్గ్ పెద్ద స్టేషన్‌లో సరుకులు దొరుకుతాయి.

ఇక ఎవరూ వెళ్లని ఈశాన్య మూల. నా మటుకు ఫ్రాంకోనియా అక్కడ చూడకపోతే సగమే. ఫిఖ్టెల్ కొండల్లో 1,051 మీటర్ల ష్నేబెర్గ్ ఈ ప్రాంతంలో ఎత్తయిన శిఖరం. ఈ కొండల నుంచి నాలుగు నదులు నాలుగు దిక్కులకి పోతాయి: జాలె ఉత్తరానికి, ఎగెర్ తూర్పుకి, నాబ్ దక్షిణానికి, తెల్ల మైన్ పడమటికి. తెల్ల మైన్ కుల్మ్‌బాఖ్ దగ్గర ఎర్ర మైన్‌తో కలిసి అసలు మైన్ అవుతుంది. నీళ్లు బయటికి పోయినట్టే ఇక్కడి నుంచి మనుషులూ వెళ్లిపోయారు. హోఫ్‌లో బట్టల మిల్లులు, సెల్బ్‌లో పింగాణీ ఫ్యాక్టరీలు ఒకప్పుడు వేలమందికి పని ఇచ్చాయి. దేశం రెండుగా చీలి ఉన్నప్పుడు ఇది ముళ్లకంచె అంచు. ఆ తర్వాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, కుర్రవాళ్లు న్యూరెంబర్గ్‌కో మ్యూనిక్‌కో పోయారు. సెల్బ్ వీధుల్లో ఖాళీ షాపులు వరసగా కనిపిస్తాయి. 1989 అక్టోబర్ 1న ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ ఎంబసీలో తలదాచుకున్న తూర్పు జర్మన్ల రైళ్లు వచ్చి ఆగింది హోఫ్ స్టేషన్‌లోనే. అంత పెద్ద రోజు చూసిన ప్లాట్‌ఫారం మీద ఇప్పుడు రెండు మూడు పెట్టెల బండి ఎదురుచూస్తూ ఉంటుంది.

హోఫ్ దగ్గర మ్యోడ్లారాయిత్ అనే పల్లె. యాభై మంది లోపు జనం. ఊరి మధ్య నుంచి చిన్న వాగు పారుతుంది, ఒక గట్టు బవేరియా, ఇంకో గట్టు థురింగియా. తూర్పు జర్మనీ 1966లో వాగు వెంట ఏడు వందల మీటర్ల కాంక్రీటు గోడ కట్టింది. ఎదురింటి బంధువుకి చెయ్యి ఊపడం కూడా తూర్పు వాళ్లకి నిషేధం. గోడలో కొంత ముక్క, కాపలా బురుజు అలాగే ఉంచి మ్యూజియం చేశారు. ఈ రోజుకీ ఆ కాస్త ఊరికి రెండు రాష్ట్రాలు, రెండు పిన్‌కోడ్‌లు, ఇద్దరు మేయర్లు. అక్కడ నిలబడి అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వాగు ఒక్క అడుగు దాటితే అయిపోయేదానికి ఇంత కష్టమా నాయనా" అని తమ్ముణ్ని అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు. అక్కడికి బస్సులు బాగా తక్కువ, కారు వేసుకుని వెళ్లండి.

ఈ మూలలో గదులు చవక, మనుషులకి తీరిక ఎక్కువ. హోఫ్‌లో మేం దిగిన హోటల్ గది వ్యుర్ట్స్‌బుర్గ్ ధరలో సగానికి కాస్త ఎక్కువంతే, పైగా రెండింతలు పెద్దది, లిఫ్ట్ నేల మీద నుంచే. కానీ సోమ, మంగళవారాల్లో చాలా హోటళ్ల వంటగదులు మూసే ఉంటాయి. రాత్రి ఎనిమిది దాటాక వేడి తిండి దొరకడం కష్టం. సెల్బ్‌లో పాత ఫ్యాక్టరీలోనే పెట్టిన పింగాణీ మ్యూజియంలో మట్టి కలపడం దగ్గర్నుంచి కప్పు మీద పువ్వు వేసేదాకా యంత్రాలు నడిపి చూపిస్తారు. కొనాలంటే అక్కడే ఫ్యాక్టరీ దుకాణాల్లో చిన్న లోపం ఉన్న సామాను తగ్గింపు ధరకి ఇస్తారు. సోమవారం మ్యూజియం ఉండదు. పళ్లేలు కొంటే బట్టల మధ్య చుట్టి చేతి బ్యాగులోనే పెట్టుకోండి.